కళ్ళ ముందు జిగ్‌జాగ్ మెరుపులు: చూపుని ఆడించే మైగ్రేన్‌ని గుర్తుపట్టి దాటడం ఎలా

నాకు మొదటిసారి వచ్చింది మార్చి నెలాఖర్లో. అప్పుడు వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేసేదాన్ని, ఇయర్ ఎండింగ్ కదా, పొద్దున్నించి టిఫిన్ కూడా లేకుండా రెండు టీల మీద లాగిస్తున్నా. లెడ్జర్‌లో 4,58,200 అని ఉంది, చూస్తుంటే మధ్యలో 8 లేదు. చెరిపేసినట్టు కాదు, నల్లమచ్చ కూడా కాదు, అసలు అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. చూపు కొంచెం జరిపితే 8 వచ్చింది గానీ పక్కనున్న అంకె పోయింది. తలెత్తి సార్ మొహం చూస్తే సగం ఉంది సగం లేదు, ఒక కళ్ళజోడు అద్దం ఉంది, రెండోది ఉండాల్సిన చోట ఏదో మసక.

ఓ 5 నిమిషాలకి ఆ ఖాళీ చుట్టూ ఒక అంచు మొదలైంది. టెంపుల్ బోర్డర్ చీరకి అంచు ఎలా ఉంటుందో చూసారు కదా, కోణాలు కోణాలుగా, అచ్చం అలాగే, కాకపోతే ఆ అంచు వెలుగుతోంది, పాడైపోయే ట్యూబ్‌లైట్ కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. అది మెల్లగా పెద్దదై, సి అక్షరంలా వంగి, ఎడమ పక్కకి జరుగుతూ జరుగుతూ చివరికి నా చూపు పొలిమేర దాటి వెళ్ళిపోయింది. అంతా కలిపి 25 నిమిషాలు. చూపు మామూలైపోయింది, హమ్మయ్య అనుకునేలోపు కుడి కణత దగ్గర తలనొప్పి దిగింది, సాయంత్రం దాకా వాంతులు.

అమ్మ చెప్పింది "ఏటమ్మా, తిండి తినకుండా తిరిగేవు, పైత్యం తలకెక్కీసింది" అని, నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. పక్కింటి పిన్నిగారు దిష్టి అన్నారు, ఉప్పు మిరపకాయలు తిప్పేరు. కళ్ళజోడు షాపులో పవర్ పెరిగింది అని కొత్త అద్దాలు వేసేరు, ఆరు నెలలకి మళ్ళీ వస్తే మళ్ళీ మార్చేరు. మెడికల్ షాపులో సైనస్ అన్నారు. ఇలా రెండేళ్ళు గడిచాక ఒక న్యూరాలజీ డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ కంట్లో వస్తుందమ్మా?" ఎడమ కంట్లో సార్ అన్నా. "ఆ కన్ను మూసి చూసావా ఎప్పుడైనా?" లేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పని చెయ్యలేదు నేను! అందుకే ఇది రాస్తున్నా, మీరు రెండేళ్ళు వేస్ట్ చేసుకోకండి.

ముందు పేరు సంగతి

మైగ్రేన్ అంటే మన పార్శ్వపు నొప్పే. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి నొప్పికి ముందు ఇలాంటి ఒక ఘట్టం వస్తుంది, డాక్టర్లు దాన్ని ఆరా అంటారు. మనం ఆరా తీయడం అంటామే, ఆ ఆరా కాదు, కానీ తమాషా ఏంటంటే ఇక్కడ మీరు చెయ్యాల్సిన పని కూడా ఆరా తీయడమే. ఈ ఆరాల్లో చూపుకి సంబంధించిందే బాగా ఎక్కువ. కొంతమందికి దాని తర్వాత చేతివేళ్ళ నించి తిమ్మిరి మొదలై మెల్లగా పైకి పాకి మూతి దాకా వస్తుంది, కొంతమందికి కాసేపు మాట తడబడుతుంది.

నెట్‌లో "ఆక్యులర్ మైగ్రేన్" అని కొడితే రెండు వేరే వేరే విషయాలు కలిపేసి చూపిస్తుంది. ఒకటి నేను చెప్పింది, అంటే మెదడులో పుట్టే విజువల్ ఆరా, ఇది చాలామందికి ఉంటుంది. రెండోది రెటీనల్ మైగ్రేన్, నిజంగా ఒక్క కంట్లోనే చూపు తగ్గేది, చాలా అరుదు. ఒక్క కంటికి చూపు పోతే "మైగ్రేనేలే" అని మనకి మనం పేరు పెట్టుకోకూడదు, మిగతా జబ్బులన్నీ కాదని డాక్టర్ తేల్చాకే ఆ పేరు.

స్టెప్ 1: ఒక కన్ను మూయండి, తర్వాత రెండోది

మెరుపులు కనపడగానే చేత్తో కుడికన్ను పూర్తిగా కప్పి చూడండి. తర్వాత ఎడమకన్ను కప్పి చూడండి. కన్ను నొక్కొద్దు, ఊరికే కప్పండి చాలు. రెండు సార్లూ ఆ జిగ్‌జాగ్ అదే పక్కన కనపడితే అది కంట్లోది కాదు, వెనక మెదడులోది. రెండు కళ్ళూ మూసేసినా మెరుపు కనపడొచ్చు, కంగారు పడొద్దు.

దాదాపు అందరం ఇక్కడే బోల్తా పడతాం. మనం చూసే దృశ్యంలో ఎడమ సగం రెండు కళ్ళ నించీ కలిసి మెదడు కుడి పక్కకి వెళ్తుంది, కుడి సగం ఎడమ పక్కకి. కాబట్టి కుడి మెదడులో గొడవైతే "ఎడమ పక్క" కనపడదు, మనం దాన్ని "ఎడమ కన్ను" అనుకుంటాం. నేను రెండేళ్ళు అనుకున్నట్టు. డాక్టర్ దగ్గర కూడా "ఎడమకన్ను" అని చెప్పేస్తే ఆయన వేరే దారిలో పడిపోతారు. అందుకే ఈ 10 సెకన్ల పని అంత ముఖ్యం, దీనికి పైసా ఖర్చు లేదు, ఇంట్లోవాళ్ళకీ నేర్పండి.

ఒక్క కన్ను మూసినప్పుడు మాత్రమే మాయమైతే, అంటే నిజంగానే ఒక కంటి వ్యవహారం అయితే, ఈ గైడ్ ఇక్కడ ఆపి స్టెప్ 3కి వెళ్ళిపోండి.

స్టెప్ 2: టైం చూడండి, బొమ్మ గీయండి

ఆరాకి ఒక నడక ఉంటుంది. ఠక్కున వచ్చి ఠక్కున పోదు. చిన్న మసకగా మొదలై, కనీసం 5 నిమిషాలు పట్టేలా మెల్లగా పాకుతుంది, మొత్తం 5 నించి 60 నిమిషాల మధ్య ముగుస్తుంది, ఎక్కువమందికి 20, 30 నిమిషాలు. తలనొప్పి ఉంటే ఆరాతో పాటు గానీ అది పోయిన గంటలోపు గానీ వస్తుంది. ఇంకో గుర్తు, వెలుగు, మెరుపు, గీతలు లాంటివి కొత్తగా కనపడటం. ఊరికే చీకటి పడటం వేరు.

గీయడం ఎలా అంటే, తెల్లకాగితం మధ్యలో ఒక ప్లస్ గుర్తు పెట్టి, పుస్తకం చదివే దూరంలో పెట్టుకుని, చూపు ఆ ప్లస్ మీదే ఉంచి, మెరిసే అంచు కాగితం మీద ఎక్కడ పడుతోందో అక్కడ పెన్సిల్‌తో గీత గీసి పక్కన టైం రాయండి. 11:10, 11:15, 11:20 ఇలా. చెత్తగా వస్తుంది, రానివ్వండి. ఒకదాని బయట ఒకటి గీతలు పెద్దవవుతూ పోతే, డాక్టర్‌కి మీరు అరగంట చెప్పేదానికన్నా ఆ కాగితం ఎక్కువ చెప్తుంది. మెరుపుల్లో రాయలేకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ ఆన్ చేసి మాట్లాడేయండి.

ఇదేమీ నా ఐడియా కాదండోయ్. 1870లో హ్యూబర్ట్ ఎయిరీ అనే ఇంగ్లీష్ డాక్టర్ తనకొచ్చిన ఆరానే రంగుల్లో బొమ్మలేసి పెట్టాడు, కోటగోడ బురుజుల్లా ఉందన్నాడు. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ సైంటిస్ట్ తన ఆరా ఎంత వేగంగా పాకుతోందో కాగితం మీద కొలుచుకుని, మెదడు పైపొరలో ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్లు జరుగుతోంది అని లెక్కకట్టాడు. 1944లో బ్రెజిల్ ఆయన అరిస్టైడిస్ లియావో, మైగ్రేన్ మీద కాదు, కుందేళ్ళ మెదడు మీద వేరే పని చేస్తుంటే, ఒక అల మెదడు పైన మెల్లగా పాకుతూ అది దాటిన చోటల్లా కణాలు కాసేపు మూగబోవడం చూసాడు. ఆ వేగం కూడా ఇంచుమించు అంతే! ఈ రెండూ ఒకటేనని తర్వాతవాళ్ళు కలిపారు. నాకైతే ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది, నా తలలో అంత నిదానంగా ఒక అల నడుస్తోందని.

ఆ అల ముందంచు చేరిన చోట కణాలు విపరీతంగా రేగిపోతాయి, అదే మెరుపు. వెనకాల అలసిపోయి ఊరుకుంటాయి, అదే ఆ ఖాళీ. జిగ్‌జాగ్ ఎందుకంటే చూపుకి సంబంధించిన ఆ భాగంలో కణాలు ఒక్కోటి ఒక్కో వాలు గీతని పట్టుకోడానికి ఉన్నాయి, వాటిని అల వరసగా గిల్లుకుంటూ పోతే గీతలు గీతలుగానే కనపడుతుంది. మొదట మెల్లగా ఉండి చివరికి స్పీడ్ పెరిగినట్టు ఎందుకుంటుందో కూడా చెప్తా. వైజాగ్ మ్యాప్ ఒకటి వేసారనుకోండి, అందులో జగదాంబ జంక్షన్‌కి సగం కాగితం ఇచ్చేసి గాజువాక, అనకాపల్లి, భీమిలి అన్నీ అంచుల్లో ఇరికించేసారు. దాని మీద చీమ ఒకే వేగంతో నడిస్తే జగదాంబ దాటడానికి చాలాసేపు, ఆ తర్వాత రెండడుగుల్లో అనకాపల్లి. మెదడులో కూడా చూపు మధ్యభాగానికి అంత ఎక్కువ చోటు ఉంది, అంచులకి తక్కువ. అల వేగం మారదు, మనకే మారినట్టు ఉంటుంది.

స్టెప్ 3: మైగ్రేన్ కాని వాటిని ముందు పక్కకి తీయండి

ఈ భాగం విసుగొచ్చినా వదలకండి.

ఒక్క కంటికి తెర దించినట్టు చూపు పోయింది, నొప్పి లేదు. అది రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) రక్తనాళం మూసుకుపోవడం కావొచ్చు, కంటికి వచ్చిన స్ట్రోక్ లాంటిది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చేసినా సరే, ఆరోజే హాస్పిటల్. ముఖ్యంగా షుగర్, బీపీ, గుండె జబ్బు, సిగరెట్ ఉన్నవాళ్ళు.

ఒక కంట్లో కెమెరా ఫ్లాష్ కొట్టినట్టు క్షణంలో పోయే మెరుపులు, దాంతో పాటు ఒక్కసారిగా బోలెడు నల్లచుక్కలు, మసి రాలినట్టు. అది రెటీనా చిరగడం కావొచ్చు. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ళకి, కాటరాక్ట్ ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది ఎక్కువ. ఇది కూడా ఆరోజే, రేపు కాదు.

కన్ను ఎర్రబడి, రాయిలా గట్టిపడి, బల్బుల చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పి, వాంతి. ఇది చూసి చాలామంది మైగ్రేన్ టాబ్లెట్ వేసుకుని పడుకుంటారు. అది కంట్లో ప్రెషర్ హఠాత్తుగా పెరిగే గ్లాకోమా రకం కావొచ్చు, గంటల్లో చూపు పోయే ప్రమాదం.

50 దాటాక కొత్తగా తలనొప్పి, దువ్వుకుంటే కణత దగ్గర మాడు నొప్పి, అన్నం నములుతుంటే దవడ లాగడం. కణత దగ్గరి రక్తనాళం వాపు కావొచ్చు, ఈఎస్ఆర్, సీఆర్పీ లాంటి రక్తపరీక్షలతో అనుమానం పడతారు, ఆలస్యం చేస్తే చూపు తిరిగి రాదు.

ఇక స్ట్రోక్. మెల్లగా పాకడం అనేది ఉండదు, ఉన్నట్టుండి అంతా ఒకేసారి: సగం చూపు పోవడం, మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. 108కి ఫోన్, అంతే. మొదలైన టైం గుర్తుపెట్టుకోండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు, అది కూడా స్కాన్ చేసాకే ఇస్తారు. ఎంత త్వరగా చేరితే అంత నయం. "కొంచెం పడుకుంటే తగ్గుతుందిలే" అనేవాళ్ళ మాట ఆ ఒక్కరోజు వినకండి.

రంగురంగుల గుండ్రటి బుడగల్లాంటివి కొన్ని సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు కనపడి, ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే అది ఫిట్స్‌లో ఒక రకం కావొచ్చు. ఆరా అంత పొట్టిగా ఉండదు. టైం చూడమంది ఇందుకే.

ఇవి కాకుండా, ఆరా గంట దాటినా, జీవితంలో మొదటి ఆరా 40, 50 దాటాక వచ్చినా, చెయ్యో కాలో నిజంగా బలం తగ్గినా, ఎప్పుడూ వచ్చే తీరు మారిపోయినా, నిమిషంలోపే భరించలేనంత తలనొప్పి ఎక్కినా, జ్వరంతో మెడ పట్టేసినా డాక్టర్ దగ్గరికే.

స్టెప్ 4: ఆ అరగంట

బండి మీదుంటే ఆపండి. ఇది సలహా కాదు, బతిమాలుకోవడం అనుకోండి. నేను ఎంవీపీ కాలనీ నించి ఆఫీసుకి స్కూటీ మీద వెళ్తుంటే ఇసుకతోట దాటగానే మొదలైంది, ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని మొండికేసా. మద్దిలపాలెం జంక్షన్‌లో ఎడమ పక్క నించి ఆటో వచ్చింది, నాకు కనపడలా, హారన్ వినపడింది. అక్కడ నల్లగా ఉంటే అనుమానం వచ్చేది, మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల రోడ్డు రంగుతో నింపేస్తుంది, కాబట్టి రోడ్డు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. ఆటోవాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ తప్పు నాదే. స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ మీద, పోర్టులో ఎత్తులో పనిచేసేవాళ్ళు సూపర్‌వైజర్‌కి ముందే చెప్పి ఉంచండి, మొహమాటం పడే విషయం కాదు.

ఆగాక నీడలో కూర్చోండి, నీళ్ళు తాగండి, ఆకలితో ఉంటే అరటిపండో బిస్కట్టో తినండి. ఫోన్ స్క్రీన్ చూడొద్దు, టైం మాత్రం చూసుకోండి. మెరుపులని ఆపే మందు చేతిలో లేదు, అవి వాటంతట అవే పోతాయి. మీ చేతిలో ఉన్నది తర్వాత వచ్చే నొప్పిని ముందే పట్టుకోవడం.

మైగ్రేన్ టైంలో కడుపు కదలిక మందగిస్తుంది, ఆలస్యంగా వేసిన టాబ్లెట్ అక్కడే కూర్చుంటుంది, తర్వాత వాంతిలో పోతుంది. అందుకే నాప్రోక్సెన్, ఐబూప్రోఫెన్, పారాసెటమాల్ లాంటివి డాక్టర్ మీకు చెప్పిన డోసులో త్వరగా వేసుకోవాలి, చాలామందికి వాంతి తగ్గే మందు కూడా కలిపి రాస్తారు. అల్సర్, కిడ్నీ సమస్య, గర్భం ఉన్నవాళ్ళకి ఈ నాప్రోక్సెన్, ఐబూప్రోఫెన్ సరిపడవు. మన ఊర్లో వానల తర్వాత డెంగ్యూ సీజన్ కదా, జ్వరంతో తలనొప్పి అయితే వాటి జోలికి, ఆస్పిరిన్ జోలికి పోవద్దు, పారాసెటమాల్ ఒక్కటే. పిల్లలకి ఎప్పుడూ ఆస్పిరిన్ వద్దు.

సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ అనేవి మైగ్రేన్‌కే చేసిన మందులు. వీటిని మెరుపులు ఉన్నప్పుడు కాకుండా నొప్పి మొదలవ్వగానే వేసుకోమంటారు. గుండె జబ్బు, స్ట్రోక్ వచ్చినవాళ్ళు, కంట్రోల్‌లో లేని బీపీ ఉన్నవాళ్ళు వాడకూడదు. ఎర్గోటమైన్ కలిసిన పాతకాలం టాబ్లెట్లు ఉంటాయి, మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తుంటారు, అది వేసుకున్న 24 గంటల్లో ట్రిప్టాన్ వేసుకోకూడదు, రెండూ రక్తనాళాలని బిగిస్తాయి.

నేను ఆ షాపు టాబ్లెట్లు ఒక సంవత్సరం మరమరాల్లా తినేసా. తర్వాత తెలిసింది, నెలలో 10 రోజులు ఆ రకంవి గానీ ట్రిప్టాన్లు గానీ, లేదా 15 రోజులు మామూలు నొప్పి మాత్రలు గానీ నెలల తరబడి వాడితే ఆ మందులే రోజూ తలనొప్పి తెస్తాయని. మానేసిన మొదటి వారం నరకం. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలా. అది కూడా డాక్టర్ చెప్తూ ఉండగా మానాలి, సొంతంగా కాదు.

స్టెప్ 5: ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

ముందు కంటి పరీక్ష, తర్వాత న్యూరాలజీ. వైజాగ్‌లో గవర్నమెంట్ వైపు అయితే రీజనల్ ఐ హాస్పిటల్ ఉంది, కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్‌లో, న్యూరాలజీ ఉంది. హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. కంటి దగ్గర చుక్కలు వేసి రెటీనా చూస్తారు, ప్రెషర్ కొలుస్తారు, అవసరమైతే చూపు విస్తీర్ణం పరీక్ష చేస్తారు, అంటే ఒక డబ్బా లోపలికి చూస్తూ చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కడం. చుక్కలు వేసాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, కాబట్టి బండి మీద ఒక్కరే వెళ్ళకండి, నల్లకళ్ళద్దాలు తీసుకెళ్ళండి.

ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. తీరు క్లాసిక్‌గా ఉండి, పరీక్షలో అంతా మామూలుగా ఉంటే చాలాసార్లు డాక్టర్లు స్కాన్ రాయరు, రాయలేదని అలగకండి. ఎప్పుడూ ఒకే పక్కన వస్తుంటే, లేదా స్టెప్ 3లో చెప్పినవి ఏవైనా ఉంటే రాస్తారు.

లోపల ఉండేది 5 నిమిషాలు, అందుకే ఆరా తీసినవన్నీ ఒక కాగితం మీద పెట్టుకెళ్ళండి: రెండు కళ్ళలోనా, ఎన్ని నిమిషాలు, పాకిందా, తర్వాత నొప్పి ఏ పక్క, నెలకి ఎన్నిసార్లు, ఏ మాత్రలు ఎన్ని, ఇంట్లో ఎవరికైనా ఉందా. ఈ చివరిది ముఖ్యం, ఇది కుటుంబాల్లో నడుస్తుంది.

స్టెప్ 6: ఏది రెచ్చగొడుతోందో పట్టుకోండి

నెట్‌లో చాక్లెట్, చీజ్ అని పెద్ద లిస్టులు ఉంటాయి, మన ఇళ్ళలో చీజ్ ఎవరు తింటున్నారు అసలు. నా డైరీలో తేలింది ముచ్చటగా మూడు: తిండి ఆలస్యం, నిద్ర తేడా, వెలుతురు. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న నాలుగు వారాల్లో మూడు వారాలు సాయంత్రానికి వచ్చింది. దేవుడికి మొక్కుకుని పాలు, పండ్లు మొదలెట్టా, ఆయనేమీ అనుకోలేదు. ఏ, బి, సి షిఫ్టుల్లో తిరిగేవాళ్ళకి షిఫ్ట్ మారిన రోజు గండం. వారమంతా టెన్షన్ పడి ఆదివారం పదింటిదాకా పడుకున్నా వస్తుంది, టెన్షన్ దిగిన టైంలో కూడా ఇది పట్టుకుంటుంది. టీ కాఫీ ఒక్కసారిగా మానేసినా అంతే.

వెలుతురు సంగతి మన ఊరికి ప్రత్యేకం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, పొద్దున్న ఏడింటికి ఆర్కే బీచ్‌లో వాకింగ్ చేస్తుంటే నీళ్ళ మీద తళతళ సూటిగా కళ్ళలోకే. కోస్టల్ బ్యాటరీ నించి వుడా పార్క్ వైపు వెళ్తుంటే కుడి చెంప మీద ఎండ, మధ్యలో చెట్ల నీడ, మళ్ళీ ఎండ, మళ్ళీ నీడ, ఆ కొట్టుకునే వెలుగు నాకు అస్సలు పడదు. అరకు రైలు సొరంగాల్లో కూడా అంతే, చీకటి, ఒక్కసారి ఎండ, చీకటి. ఇప్పుడు వాకింగ్ సూర్యోదయానికి ముందే ముగించేస్తున్నా, బయట టోపీ, పోలరైజ్డ్ అద్దాలు. ఇంట్లో మాత్రం నల్లద్దాలు పెట్టుకుని కూర్చోకండి, చీకటికి అలవాటు పడి కళ్ళు ఇంకా సుకుమారం అయిపోతాయి. లోపల వెలుతురు పడనివాళ్ళకి ఎఫ్ఎల్-41 అనే గులాబీ రంగు అద్దాలు కొందరికి పనిచేస్తాయి. ఉక్కపోతలో చెమటకి నీళ్ళు పోతాయి, మే నెలలో మజ్జిగ బాటిల్ లేకుండా కదలను.

ఒకటి గుర్తుంచుకోండి, ఆరా వచ్చేముందు రోజే కొంతమందికి ఆవలింతలు, తీపి తినాలనిపించడం, చిరాకు మొదలవుతాయి, ఎండ కొట్టడం కూడా అప్పుడే ఎక్కువ తెలుస్తుంది. అంటే ఆ జిలేబీ వల్ల రాలేదు, వచ్చేది ఉంది కాబట్టే జిలేబీ అడిగింది. పాపం జిలేబీ.

స్టెప్ 7: ఆడవాళ్ళకి వేరుగా

ఆరా ఉన్న మైగ్రేన్ అయితే ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడొద్దని డబ్ల్యూహెచ్ఓ గైడ్‌లైన్స్ చెప్తున్నాయి, స్ట్రోక్ రిస్క్ పెరుగుతుంది కాబట్టి. చిన్నవయసులో ఆ రిస్క్ మొత్తంగా చూస్తే తక్కువే, కానీ మాత్రలు, సిగరెట్, బీపీ తోడైతే మారిపోతుంది. పీసీఓడీకి, పీరియడ్స్ రెగ్యులర్ అవ్వడానికి కూడా ఇవే మాత్రలు రాస్తుంటారు, అక్కడ మనల్ని మెరుపులు వస్తాయా అని ఎవరూ అడగరు, నన్ను అడగలేదు. మీరే చెప్పండి. వేరే పద్ధతులు ఉన్నాయి, కాపర్-టీ, ప్రొజెస్టరాన్ మాత్రమే ఉన్నవి.

గర్భిణీకి ఐదో నెల దాటాక, లేదా కాన్పు అయిన కొత్తల్లో, తలనొప్పితో కళ్ళముందు మెరుపులు వస్తే మైగ్రేన్ పాతదే కదా అనుకోవద్దు, వెంటనే బీపీ చూపించాలి. బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్ళే జబ్బు ఇలాగే మొదలవుతుంది.

స్టెప్ 8: రోజూ వేసుకునే మందులు ఎప్పుడు

నెలకి నాలుగు రోజులకి మించి నొప్పి ఉన్నా, తక్కువసార్లే అయినా పని ఆగిపోతున్నా రాకుండా ఆపే మందులు ఆలోచిస్తారు. ప్రోప్రానొలాల్, ఫ్లూనరిజిన్, అమిట్రిప్టిలిన్, టోపిరామేట్ మామూలుగా రాసేవి. ఆస్తమా ఉంటే ప్రోప్రానొలాల్ వద్దు. ఫ్లూనరిజిన్ నిద్ర, బరువు పెంచుతుంది, నాకు మూడు నెలల్లో జాకెట్లన్నీ బిగుతైపోయాయి. టోపిరామేట్‌కి వేళ్ళు చురుచురులు, మాటలు టక్కున గుర్తురాకపోవడం, గర్భంలో బిడ్డకి ప్రమాదం. ఇంకో సంగతి, అది మొదలెట్టిన కొత్తల్లో దూరం చూపు హఠాత్తుగా మసకైనా, కన్ను నొప్పెట్టినా "మైగ్రేనే ముదిరింది" అనుకోకండి, అరుదే గానీ ఆ మందే కంటి ప్రెషర్ పెంచుతుంది, ఆరోజే డాక్టర్‌కి చెప్పి కంటి హాస్పిటల్‌కి వెళ్ళిపోండి.

ఏదైనా రెండు మూడు నెలలు వాడితే గానీ తెలీదు. వారం వాడి తగ్గలేదు అని మానేసి ఇంకో డాక్టర్, ఇంకో మందు, మనందరం చేసే పనే. డైరీలో నెలకి 8 ఉన్నవి 4 అయితే మందు పనిచేసినట్టే, సున్నా అవ్వాలని కూర్చోకండి.

నొప్పి లేకుండా మెరుపులు మాత్రమే

ఇది వయసు పెరిగాక ఎక్కువ చూస్తాం. మా అత్తగారికి 61, చిన్నప్పుడు పార్శ్వం ఉండేదట, ఇరవయ్యేళ్ళుగా లేదు, ఈమధ్య పూజగదిలో కూర్చుంటే దీపం చుట్టూ గొలుసు తిరుగుతోంది అని చెప్పింది, మహత్యం అనుకుని ఎవరికీ చెప్పలేదు కొన్నాళ్ళు. కళ్ళు ఒక్కొక్కటి మూసి చూడమన్నా, రెండింట్లోనూ ఉందంది, 20 నిమిషాలంది, నొప్పి లేదంది. లక్షణాలన్నీ ఆరావే అయినా ఆ వయసులో కొత్తగా మొదలైంది కాబట్టి వదల్లేదు, కంటి డాక్టర్‌కి, న్యూరాలజీకి చూపించి, బీపీ, షుగర్, గుండె లయ, మెడ రక్తనాళాల స్కాన్ అన్నీ అయ్యాకే ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు వచ్చినప్పుడల్లా ఆవిడ క్యాలెండర్ కాగితం చింపి వెనకాల గొలుసు గీసి టైం వేసి నా టిఫిన్ డబ్బా కింద పెడుతోంది. నాకన్నా బాగా గీస్తుంది.